దిద్దిన పేరు

“పాతది ఒక్క ఫోటో కూడా ఉంచొద్దన్నడు మేడం. పక్కానా అని నేను రెండుసార్లు అడిగిన.”

కార్తీక్ ఆ మాట చెప్పి చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో, మేడ మీద ఉన్న చిన్న కంప్యూటర్ రిపేరు షాపు అది. తేజస్విని స్టూలు దగ్గరికి లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టకముందు ఆమె ఒక బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే పని చేసింది. అబద్ధమాడేవాడు అడగని కారణాలు కూడా చెబుతాడని అక్కడే తెలుసుకుంది. కార్తీక్ అడిగినదానికి మించి ఒక్క ముక్క చెప్పడం లేదు. అందుకే అతని మీద ఆమెకు నమ్మకం కుదిరింది.

కేసు వారం నాటిది. కర్మన్‌ఘాట్‌లో ఉండే అభిలాష్ డ్రోన్‌తో భూములు సర్వే చేస్తాడు. పెద్ద అంబర్‌పేట్ వైపు పనుందని చెప్పి బయల్దేరినవాడు తిరిగి రాలేదు. బైకు ఎల్బీనగర్ మెట్రో పార్కింగ్‌లో దొరికింది. ఫోను స్విచ్చాఫ్. వెళ్లే ముందు రోజు భార్య సింధుతో ఒక విషయం చెప్పాడు. పెద్ద అంబర్‌పేట్ అవతల ఒక చెరువును టిప్పర్లతో మట్టి తోలి పూడుస్తున్నారని, దాన్ని ప్లాట్లు చేసి అమ్మబోతున్నారని, అదంతా పైనుంచి ఫోటోలు తీసి ఇంట్లో కంప్యూటర్లో పెట్టానని, ఊరుకునేది లేదని. పోలీసులు ఫిర్యాదు రాసుకుని, అలిగి పోయి ఉంటాడు, వస్తాడులే అన్నారు.

అభిలాష్ కనబడకుండా పోయిన మూడో రోజున అతని చిన్నాన్న జనార్ధన్ ఈ కార్తీక్‌ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వచ్చాడు. పాత విండోస్‌కు ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు రావని, దానితోనే ఉంటే ఎవడో ఒకడు చొరబడతాడని, కొత్తది వేయిస్తానని సింధుకు నచ్చజెప్పాడు. సాయంత్రానికల్లా కంప్యూటర్ కొత్తగా తయారైంది. చెరువు ఫోటోలు మాత్రం లేవు. జనార్ధన్‌కు ఎల్బీనగర్‌లో రియల్ ఎస్టేట్ ఆఫీసు ఉంది. సింధుకు అనుమానం రావడానికి అంతకంటే ఏం కావాలి? మర్నాడే తేజస్విని దగ్గరికి వచ్చింది.

ఆ రోజు చేసిన పనంతా వరసగా చెప్పమంది తేజస్విని. కార్తీక్ చెప్పాడు. మామూలుగా అయితే పాత విండోస్ మీదనే కొత్తది ఎక్కిస్తారు. ఫోటోలు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. నచ్చకపోతే కొన్నాళ్లలోపు వెనక్కి కూడా పోవచ్చు. తను అదే చేద్దామన్నాడు. జనార్ధన్ ఒప్పుకోలేదు. పాత హార్డ్ డిస్క్ ఊడదీయించి, దాని చోట కొత్తది పెట్టించి, దాని మీద విండోస్‌ను మొదట్నుంచీ వేయించాడు.

“ఊడదీసిన డిస్క్ ఏది?”

“ఆయనే తీస్కపోయిండు. రుమాలుల చుట్టి జేబుల పెట్టుకున్నడు.”

తేజస్విని ఆలోచనలో పడింది. ఫోటోలు లేకుండా చేయాలనుకున్నవాడు డిస్క్‌ను సుత్తితో ఒక్కటి కొట్టి చెత్తలో పారేస్తే అయిపోయేది. అంత భద్రంగా చుట్టి దాచుకోవడం ఎందుకు?

కొత్త విండోస్ మొదలయ్యేటప్పుడు ఎవరి మెయిల్ ఇచ్చావని అడిగింది. సింధు తనకు మెయిల్ లేదని అభిలాష్‌దే ఇచ్చిందట, పాస్‌వర్డ్ కూడా ఆమే చెప్పిందట. మళ్లీ మళ్లీ అడగకుండా కార్తీక్ దాన్ని చీటీ మీద రాసుకుని, తర్వాత అలవాటు చొప్పున షాపు గోడకు అంటించాడు. ఆ గోడ నిండా అలాంటి చీటీలే.

“తర్వాత అది అడిగిన ప్రశ్నలన్నిటికీ ఎస్ కొట్టిన మేడం. అన్ని చదువుకుంట కూసుంటె పని అయితదా?”

ఆ చీటీలు తీసేయమని తేజస్విని చెప్పబోతుండగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది. లోపలికి వచ్చిన మనిషిని చూసి ఆమె లేవలేదు. వంశీకృష్ణ ఒకప్పుడు బీమా కంపెనీలో ఆమె పక్క సీటువాడు. ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఏసీ ఆఫీసు, కింద పనిచేసే డిటెక్టివులు, గాజు తలుపు మీద పేరు. ఏ కేసులోనైనా ఇద్దరూ ఎదురుపడితే ఆమెకు ఆ రోజు తలనొప్పి ఖాయం.

“మీరు ముందే వచ్చేశారన్నమాట తేజస్విని గారూ,” అంటూ వంశీ గోడకు ఆనుకుని, ఫోను చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. అన్న కొడుకును వెతికిపెట్టమని జనార్ధన్ తనకు కేసు అప్పగించాడని, ఒకే ఇంటి పనికి ఇద్దరు డిటెక్టివులు దండగని, ఆమె తప్పుకుంటే బాగుంటుందని మర్యాదగానే చెప్పాడు. తర్వాత కార్తీక్ వైపు తిరిగి పాత హార్డ్ డిస్క్ ఎక్కడుందని అడిగాడు.

కార్తీక్ నోరు తెరిచాడు. తేజస్విని అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

“వంశీ, నిన్ను పెట్టుకున్నది జనార్ధనేనా?”

“చెప్పాను కదండీ.”

“గా పనంత దగ్గరుండి చేయించింది ఆయనే గదా. డిస్క్ ఏడుందో నీ క్లయింటును అడగక, షాపుల చుట్టూ ఎందుకు తిరుగుతున్నవ్?”

వంశీ ఫోను తిప్పడం ఆపాడు. క్లయింట్లు అన్నీ చెప్పరని నవ్వేశాడు కానీ ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు. వెళ్లడానికి తిరిగి, గుమ్మం దగ్గర ఆగాడు.

“మంచికే చెబుతున్నాను. తప్పిపోయిన మనిషిని వెతకండి, ఎవరూ కాదనరు. ఆ చెరువు గొడవలోకి మాత్రం దిగకండి.”

“చెరువు సంగతి నీకెవరు చెప్పిండ్రు?”

వంశీ అప్పటికే గుమ్మం దాటాడు. మెట్లు దిగే చప్పుడు వచ్చినప్పటికంటే వేగంగా వినిపించింది.

స్కూటర్ మీద కర్మన్‌ఘాట్ వైపు వెళ్తున్నంతసేపూ తేజస్విని అదే ఆలోచించింది. వంశీని పెట్టుకున్నది జనార్ధన్ కాదు. చెరువు పూడుస్తున్నవాళ్లే అయి ఉండాలి. వాళ్లకు డిస్క్ కావాలి అంటే ఫోటోలు ఇంకా ఎక్కడో ఉన్నాయని భయపడుతున్నారు. భయపడుతున్నారు అంటే అభిలాష్ వాళ్ల చేతుల్లో లేడు. కేసు మొదలయ్యాక ఆమెకు కాస్త గుండె నిబ్బరం కలగడం అదే మొదటిసారి. అయితే సింధుకు అప్పుడే చెప్పి ఆశ పెట్టడం మంచిది కాదనుకుంది.

సింధు పై వాటాలో ఉంటుంది. కంప్యూటర్ ముందు గదిలోనే, మగ్గం వర్కు చేసే చట్రం పక్కన బల్ల మీద ఉంది. ఆమె జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. డిజైన్లు ముందు కంప్యూటర్లో గీసుకుని, తర్వాత బట్ట మీదికి దించుకుంటుంది. తేజస్విని కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చూసింది. ఫోటోల ఫోల్డర్ ఖాళీ. పారేసిన ఫైళ్ల డబ్బా ఖాళీ. విండోస్ వేసిన తేదీ కార్తీక్ చెప్పినదే. కేబినెట్ పక్క రేకు విప్పి టార్చి వేసి చూస్తే కొత్త డిస్క్ మెరుస్తూ కనబడింది, దాని చుట్టూ పాతదాని దుమ్ము గీత మిగిలి ఉంది. కార్తీక్ మాటల్లో అబద్ధం లేదు. డెస్క్‌టాప్ మీద ఉన్నవి సింధు ఈ మధ్య గీసుకున్న నాలుగైదు డిజైన్లే.

సింధు టీ తెచ్చి ఇచ్చి, మగ్గం చట్రం అంచున కూర్చుంది. నిద్రలేక కళ్లు లోపలికి పోయాయి. చిన్నమామయ్య ఇలా చేస్తాడని కలలో కూడా అనుకోలేదంది. తమ పెళ్లికి రెండు వైపులా కాదన్నప్పుడు నిలబడి జరిపించింది ఆయనేనట. ఈ కంప్యూటర్‌ను చూస్తేనే ఒళ్లు మండుతోందంది. ఆ తర్వాత, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు, ఇంకో మాట అంది.

“ఒక్కటి మాత్రం బాగుందండీ దీంట్లో. నా స్పెల్లింగులు అదే దిద్దేస్తోంది.”

మౌస్ మీద తేజస్విని చెయ్యి ఆగిపోయింది.

“ఏం దిద్దింది?”

సింధు తెర మీద ఒక ఫైలు చూపించింది. మొన్న నెమలి డిజైను గీసి ‘పీకాక్’ అని పేరు పెట్టింది. స్పెల్లింగులో ‘ఎ’ ఉండాల్సిన చోట కూడా ‘ఇ’ కొట్టింది. కాసేపటికి వంటింట్లోంచి వచ్చి చూస్తే సరిగ్గా మారిపోయి ఉంది. తను ఇంగ్లీషులో ఎప్పుడూ అలాగే తప్పులు రాస్తుందని, అభిలాష్ వెనకే నిలబడి దిద్దుతుండేవాడని, ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోందని చెప్పింది.

తేజస్విని కుర్చీ ఆమె వైపు తిప్పింది.

“సింధూ, జర నిమ్మలంగ విను. మనం పెట్టిన ఫైలు పేరు ఏ విండోసూ దానంతట అది దిద్దది. దిద్దాలంటే ఎవరో ఒకరు దాని మీద చెయ్యి పెట్టాలె. నువ్వు దిద్దలే. ఇంట్ల ఇంకెవ్వరు లేరు. అభిలాష్‌కు ఇంకో కంప్యూటర్ ఉన్నదా?”

చిన్న లాప్‌టాప్ ఒకటుందని, అది డ్రోన్ సంచిలోనే ఉంటుందని, ఆ రోజు సంచి తీసుకునే వెళ్లాడని సింధు చెప్పింది. చెబుతూ చెబుతూనే ఆమె లేచి నిలబడింది.

తేజస్విని వివరంగా చెప్పింది. కార్తీక్ ఈ కంప్యూటర్‌ను అభిలాష్ మెయిల్‌తో మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన ప్రశ్నలన్నిటికీ చదవకుండా ఎస్ కొట్టాడు. ఆ ప్రశ్నల్లో ఒకటి, డెస్క్‌టాప్ మీది ఫైళ్లను క్లౌడ్‌లో కూడా ఉంచమంటావా అని. అభిలాష్ లాప్‌టాప్ కూడా అదే ఖాతాతో నడుస్తుంది. అంటే రెండింటికీ డెస్క్‌టాప్ ఒకటే. ఇక్కడ పెట్టింది అక్కడ కనబడుతుంది, అక్కడ మార్చింది ఇక్కడ మారుతుంది. ఇంట్లో ఉన్నవన్నీ తుడిచిపెట్టడానికి చేయించిన పని, ఎవరూ అనుకోకుండానే, ఈ గదికీ అతను ఉన్న చోటుకీ మధ్య తలుపు తెరిచింది.

“అంటే ఆయన...” సింధు తెర దగ్గరికి వంగింది.

“చూద్దాం. కొత్త ఫోల్డర్ ఒకటి పెట్టు. పేరు నీకెట్లొస్తే అట్ల రాయి, మంచిగ రాయాలని చూడకు.”

సింధు తామరపూల అంచు అని అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ‘లోటస్ బార్డర్’ అని కొట్టింది. బార్డర్‌లో అక్కర్లేని ‘ఎ’ ఒకటి వచ్చి చేరింది. ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు. టీ చల్లారిపోయింది. కింద వీధిలో కూరగాయల బండివాడి కేక దగ్గరికొచ్చి దూరమైంది. ఏమీ జరగలేదు. సింధు తల వంచుకుంది. అప్పుడు ఆ ఫోల్డర్ కింది అక్షరాలు ఒక్కసారి చెదిరి సర్దుకున్నాయి. అక్కర్లేని ‘ఎ’ పోయింది.

సింధు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తేజస్విని ఆమె భుజం మీద చెయ్యి వేసింది కానీ బుర్ర మాత్రం పని చేస్తూనే ఉంది. లాప్‌టాప్ ఇంకొకరి చేతిలో ఉండొచ్చు. అభిలాష్‌కు తప్ప ఎవరికీ తెలియనిది ఏదైనా అడగమంది. సింధు కళ్లు తుడుచుకుని ఇంకో ఫోల్డర్ పెట్టింది. ఈసారి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలే రాసింది: బొటీక్ బోర్డు గుర్తుందా?

ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. ఫోల్డర్ పేరు మారింది: ‘యు’ మరిచిపోయింది నువ్వు, నిచ్చెనెక్కి రాసింది నేను, నిచ్చెన వదిలేసింది మీ నాన్న.

ఏడుస్తూనే సింధు నవ్వింది. పెళ్లి నాటి కోపం పోయాక వచ్చిన వాళ్ల నాన్న రామారావు, సింధు మగ్గం పని బొటీక్‌కు బోర్డు రాసిన రోజున ఫోను మోగిందని నిచ్చెన వదిలేస్తే అభిలాష్ రంగు డబ్బాతో సహా కింద పడ్డాడట. ఇది ఆయనేనంది. అంతలోనే ఆ పేరు మళ్లీ మారింది: కాక దగ్గరున్న. మంచిగున్న. భయపడకు.

కాక అంటే చిన్నాన్న జనార్ధనే. తేజస్వినికి రుమాల్లో చుట్టిన డిస్క్ సంగతి అప్పుడు అర్థమైంది. జనార్ధన్ ఫోటోలు నాశనం చేయలేదు, కాపాడాడు. ఆ ఇంట్లో ఫోటోలు లేవని నలుగురికీ తెలిస్తే సింధు జోలికి ఎవరూ రారని కంప్యూటర్‌ను దులిపేయించాడు, సంగతి బయటికి పొక్కకూడదని ఆమెకూ చెప్పలేదు. భూముల వ్యాపారంలో ఉన్నవాడు కాబట్టి అన్న కొడుక్కు వచ్చిపడే ప్రమాదం గురించి అందరికంటే ముందు అతని చెవిన పడి ఉంటుంది. అతణ్ణి మొదట్నుంచీ దోషిని చేసి చూసినందుకు ఆమెకు సిగ్గేసింది. సింధు ముఖం చూస్తే ఆమె కూడా అదే అనుకుంటోందని తెలుస్తోంది.

అప్పుడు తెర మీద మూడో ఫోల్డర్ వచ్చింది.

సింధు చేతులు ఒళ్లో ఉన్నాయి. ఫోల్డర్ పేరు ఇంగ్లీషులో ఉంది, నువ్వు సరిగ్గా ఎక్కడున్నావో చెప్పు అని. ఒక్క అక్షరం తప్పు లేదు.

“ఇది నేను పెట్టలేదండీ,” అంది సింధు.

తేజస్విని కళ్ల ముందు షాపు గోడ, గోడకు ఆనుకుని ఫోను తిప్పుతున్న వంశీ మెదిలారు. అతను నిలబడి ఉన్నది చీటీల పక్కనే. మాటలతో అతణ్ణి ఓడిస్తున్నాననుకుని తను మురిసిపోతున్నంతసేపూ అతను మెయిలూ పాస్‌వర్డూ ఉన్న చీటీని ఫోటో తీసుకుంటున్నాడు. ఆమె తనను తాను ఒక మాట తిట్టుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లి పరదా పక్కకు జరిపింది. సందు మొదట్లో వంశీ తెల్లకారు ఆగి ఉంది.

“అభిలాష్ దీనికి జవాబు ఇస్తాడంటవా?”

సింధు తల అడ్డంగా ఊపింది. తను అంత శుభ్రంగా ఇంగ్లీషు రాయలేనని ఆయనకు తెలుసునంది. నిజమే, ఎంతసేపు చూసినా ఆ ఫోల్డర్ పేరు మారలేదు. దానికి బదులు సింధు ఫోను మోగింది. జనార్ధన్ నంబరు. ఆమె స్పీకర్ నొక్కింది.

“సింధూ, నేనే.” అభిలాష్ గొంతు విని ఆమె గోడకు చేరగిలబడింది. “అడిగింది నువ్వు కాదని తెలిసింది. ఎవడో దూరిండు. ఇగ గీడ ఉండుడు మంచిది కాదని కాక బండి తీసిండు. వకీలు పిటిషన్ ఏసిండు, రేపే కోర్టుల ఫోటోలన్ని ఇచ్చేస్తం. ఎల్బీనగర్ దాటినం. ఇంటికే ఒస్తున్న.”

తేజస్విని ఫోను అందుకుని, సందు మొదట్లో ఒక కారు కాపు కాసి ఉందని, వెనక్కి తిప్పమని చెప్పబోయింది. లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. ఆమె కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చుంది. వంశీ పెట్టిన ఫోల్డర్ పేరు చెరిపి, అభిలాషే జవాబిచ్చినట్టు ఉండేలా, ఒక్క తప్పు కూడా రాకుండా జాగ్రత్తగా ఇంగ్లీషులో కొట్టింది: కొత్తపేట రైతుబజార్ గేటు దగ్గరున్నాను, వెంటనే రా.

కిటికీలోంచి చూస్తే కారు కాసేపు కదల్లేదు. తర్వాత ఒక్క ఊపున బయల్దేరింది. సింధు అప్పటికే చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగుతోంది. తేజస్విని ఆమె వెనక పరుగెత్తి గేటు దగ్గరికి చేరేసరికి, సందు మలుపులో ఒక పాత జీపు తిరిగి లోపలికి వస్తోంది. ఎదురుగా తెల్లకారు బయటికి పోతోంది. సందు ఇరుకు. రెండూ ఒకదాన్నొకటి రాసుకున్నంత దగ్గరగా దాటాయి. జీపు నడుపుతున్నది జనార్ధన్. పక్క సీట్లో గడ్డం పెరిగిన మనిషి తల వంచుకుని కూర్చున్నాడు.

తెల్లకారు వెనక ఎర్ర దీపాలు వెలిగాయి.

సింధు గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. జీపు లోపలికి వచ్చి ఆగకముందే అభిలాష్ దూకేశాడు. ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకోలేదు. ఆమె అతని మొహాన్ని, భుజాలను తడిమి చూసుకుంది, అంతా ఉన్నాడో లేదోనని. జనార్ధన్ జీపు దిగి తేజస్విని ఎవరో తెలియక ఎగాదిగా చూశాడు. మీ మనిషినే పెద్దాయనా, లోపలికి పొండ్రి అంది ఆమె. ముగ్గురినీ లోపలికి పంపి, గేటు మూసి గడియ పెట్టించి, తను బయటే ఉండిపోయింది. ఫోన్లో వీడియో రికార్డింగు నొక్కి చేత్తో పట్టుకుంది.

కారు వెనక్కి వచ్చి ఆమె ముందు ఆగింది. వంశీ అద్దం దించాడు. అతని మొహంలో పొద్దుటి ధీమా లేదు. అతనేదో అనబోతుండగా వెనక సీటు తలుపు తెరుచుకుంది. లోపల ఇంకో మనిషి ఉన్నాడని ఆమె అప్పటిదాకా గమనించలేదు. తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు. ఎప్పుడూ చూసిన మనిషి కాదు, కానీ చెరువు కోసం వంశీని పెట్టుకున్నది ఇతనే అయి ఉండాలి. వంశీ మాత్రం స్టీరింగ్ మీంచి చేతులు తీసేసి వెనక్కి తిరిగాడు.

“సార్, మీరు దిగొద్దు సార్. ఇది నేను ఒప్పుకున్న పని కాదు.”

ఆ మనిషి వినిపించుకోలేదు. గేటు వైపు నడిచాడు. తేజస్విని ఫోను పైకెత్తి అతని మొహం సరిగ్గా పడేలా పట్టుకుంది. పై వాటా కిటికీలోంచి సింధు నవ్వు వినిపిస్తోంది, మధ్యలో ఎవరో దగ్గుతూ మాట్లాడుతున్నారు, జనార్ధన్ మంచినీళ్లు అడుగుతున్నాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, వీపు గేటుకు ఆనించి నిలబడింది.

“పేరు చెప్పుండ్రి సార్,” అంది. “రికార్డ్ అయితున్నది.”